మద్రాసా, పాండిచ్చేరా, విశాఖా? సముద్రపు ఊళ్ళో నడిచి తిరగాలనుకునే తిరుపతివాళ్ళకు

తిరుపతివాళ్ళకు నడక కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాం. పౌర్ణమి వస్తే తిరువణ్ణామలై పోయి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చెప్పుల్లేకుండా చేసి వస్తాం. అందుకే సముద్రం ఉన్న ఊరికి పోయి నడిచే తిరుగుదామని ఎవరన్నా అంటే ధీమాగా సరే అంటాం. తీరా మద్రాసులో మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టు తడిసి, కనపడిన ఆటోనల్లా ఆపుతుంటాం.

మనది పొడి ఎండ. మేలో చుర్రుమన్నా పట్టిన చెమట ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంటిని కాస్త చల్లబరుస్తుంది. సముద్రపు ఒడ్డున గాలి నిండా తేమ కాబట్టి చెమట పట్టినచోటే ఉండిపోతుంది. సెల్‌ఫోనులో వేడి మనకన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ చూపించినా, నడిచేవాడికి కష్టం అక్కడే ఎక్కువ. పైగా అలిపిరి దారికి పైకప్పుంది, నీళ్ళున్నాయి, మరుగుదొడ్లున్నాయి, కూర్చోవడానికి చోటుంది. బీచి రోడ్డులో ఇవన్నీ ఎక్కడున్నాయో మనమే వెతుక్కోవాలి.

కాబట్టి తీరంలోని ఏ ఊళ్ళోనైనా నడకకు పనికొచ్చేవి రోజుకు రెండు పూటలే. తెల్లవారుజాము నుంచి తొమ్మిదిలోపు ఒకటి, సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఇంకొకటి. ‘అన్నా, మద్రాసు బాగుంటుందా, పాండిచ్చేరి బాగుంటుందా’ అని ఎవరడిగినా నేను అక్కడేమున్నాయో చెప్పడం మొదలుపెట్టను. రాత్రి ఎక్కడ పడుకుంటారని అడుగుతాను. ఆ రెండు పూటల్లో ఎన్నిటిని మీరు సముద్రం పక్కన ఉండగా పట్టుకోగలరన్నదాన్ని బట్టే ఊరు తేలుతుంది.

ఒక్క రోజే ఉంటే మద్రాసు

పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలంటే వేరే ఆలోచన అక్కర్లేదు. సుమారు 140 కిలోమీటర్లు. పొద్దున్నే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా మూడు, మూడున్నర గంటల్లో సెంట్రల్‌లో దిగొచ్చు. బస్సుకూ ఇంచుమించు అంతే పడుతుంది కానీ, ఆంధ్రా బస్సులు చాలావరకు ఊరి ఉత్తరాన మాధవరంలోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి సముద్రం దాకా పోవడం మరో ప్రయాణం. నడవడానికి పోయేవాళ్ళకు రైలే మేలు. చిత్తూరువాళ్ళు కాట్పాడి పోతే రైళ్ళకు కొదవలేదు.

ఇందులో ఉన్న చిక్కల్లా దిగే వేళ. పదింటికి సెంట్రల్ బయట నిలబడితే ఎండ అప్పుడే ముదురుతుంటుంది. చాలామంది అప్పుడే నేరుగా మెరీనాకు పోయి, ఇసుకలో అరగంట కాళ్ళు కాల్చుకుని, ‘మద్రాసులో ఏముంది, ఉక్క తప్ప’ అంటూ వెనక్కొస్తారు. ఆ వేళకు సముద్రం జోలికి పోవద్దు. ఎగ్మూరు మ్యూజియం దగ్గరే. అమరావతి స్తూపం నుంచి తీసుకుపోయిన మన సున్నపురాతి శిల్పాలు, చోళుల కంచు విగ్రహాలు అక్కడున్నాయి. మధ్యాహ్నం అక్కడ గడిపి, ఎక్కడైనా భోంచేసి, మూడున్నర తర్వాత కదలండి. శుక్రవారం మాత్రం మ్యూజియం తీయరు, రోజు చూసుకుని బయలుదేరండి.

సెంట్రల్ ఎదురుగా ఉన్న పార్క్ టౌన్ స్టేషన్లో వంతెనల మీద పోయే రైలెక్కి తిరుమయిలైలో దిగితే మైలాపూరు. నా లెక్కలో ఊరంతటికీ మంచి నడక ఇక్కడే మొదలవుతుంది. కపాలీశ్వర స్వామి గుడి సాయంత్రం నాలుగు ప్రాంతంలో మళ్ళీ తెరుస్తారు. కోనేరు చుట్టూ మాడవీధుల్లో పూలు, ఇత్తడి సామాను, పూజ సామగ్రి, కాఫీ. కోనేటి గట్టున కాసేపు కూర్చుని తూర్పుకు నడిస్తే శాంథోమ్ చర్చి. తెల్లటి పొడుగాటి గోపురంతో ఇప్పుడు కనపడే కట్టడం 1896 నాటిది. యేసు శిష్యుడు తోమా సమాధి మీద కట్టిందని క్రైస్తవులు నమ్ముతారు. మొదట్లో కపాలీశ్వరుడి గుడి కూడా ఈ ఒడ్డునే ఉండేదని, పోర్చుగీసుల కాలంలో పోయిందని, తర్వాత లోపలికి వచ్చి ఇప్పుడున్నచోట కట్టుకున్నారని చెబుతారు.

చర్చి దాటి ఉత్తరానికి తిరిగితే లైట్‌హౌస్. లిఫ్టు ఉంది, పెద్దవాళ్ళూ పైకి పోవచ్చు, సోమవారం సెలవు. అక్కడి నుంచి మెరీనా. ఇసుకలో కాకుండా రోడ్డు పక్క కాలిబాట మీద నడిస్తే అలసట ఉండదు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు వివేకానందుడు 1897లో బస చేసిన ఐస్ హౌస్, ప్రెసిడెన్సీ కాలేజి, యూనివర్సిటీ సెనేట్ హౌసు. దారి పొడవునా తమిళ కవుల విగ్రహాలు. వాటిలో ఎక్కువ భాగం 1968 ప్రపంచ తమిళ మహాసభలప్పుడు పెట్టినవి. చివర బండరాయిని నెడుతున్న నలుగురు కార్మికుల విగ్రహం, దేవీప్రసాద్ రాయ్‌చౌధురి చేసింది, 1959 నుంచి అక్కడే ఉంది. కోనేరు దగ్గర్నుంచి ఇక్కడికి అయిదారు కిలోమీటర్లు. తాపీగా, మధ్యలో సుండల్ తింటూ నడిస్తే రెండున్నర గంటలు. తర్వాత పడమటికి మళ్ళితే తిరువల్లికేణి. మీసాల వెంకటకృష్ణుడు కొలువున్న పార్థసారథి స్వామి గుడి, పక్క వీధుల్లో మెస్సులు, గిన్నెడు సాంబారులో ఇడ్లీ ముంచి ఇచ్చే రత్నా కేఫ్. అక్కడ తిని బస్సెక్కితే అర్ధరాత్రి దాటాక ఇల్లు.

ఒక రాత్రి ఉండే వీలుంటే ఇదే మద్రాసు రెండింతలు ఇస్తుంది. గది మాత్రం టీ నగర్‌లో తీసుకోవద్దు. చీరలకు, నగలకు పోయేవాళ్ళకు అది సరైన చోటు, సముద్రానికి దూరం. తిరువల్లికేణిలోనో మైలాపూరులోనో దిగితే తెల్లవారకముందే లేచి పదిహేను ఇరవై నిమిషాల్లో అలల దగ్గరుంటారు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచే వస్తాడు.

ఆదివారం పొద్దున అయితే నేను ఇంకో దారి చెబుతాను, జార్జి టౌను. మిగతా రోజుల్లో ఆ సందుల్లో తోపుడుబళ్ళు, మూటలు, మనుషులు, నడిచే వీలే ఉండదు. పక్కనున్న సెయింట్ జార్జి కోటలో 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి, అర్మేనియన్ వీధిలో 1772 నాటి అర్మేనియన్ చర్చి. కోటలోనే సచివాలయం ఉంది, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. మనవాళ్ళకు ఇక్కడ ఇంకో ఆసక్తి ఉండాలి. ఈ ఇసుక నేలను 1639లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చింది చంద్రగిరి రాజుల కింద నాయకుడుగా ఉన్న దామర్ల వెంకటాద్రి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు ముందు తిరుమలకు చేరే గొడుగులు బయలుదేరేదీ ఈ పేటలోని చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచే. ఆ గొడుగులు నడిచే వస్తాయి, మనం రైలెక్కి పోతున్నాం.

పుదుచ్చేరి: రాత్రి ఉంటేనే

పోయి రావడానికి పుదుచ్చేరి పనికిరాదు. తిరుపతి నుంచి సుమారు 250 కిలోమీటర్లు, బస్సులో ఆరు గంటల పైమాటే. అదే రోజు తిరుగు ప్రయాణం పెట్టుకుంటే మిట్టమధ్యాహ్నం దిగి, ఎండలో తెల్లగోడల ముందు ఫొటోలు దిగి, సరిగ్గా ఊరు బాగుండే వేళకు బస్టాండులో నిలబడాల్సి వస్తుంది. బీచి రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఏడున్నర దాకా బళ్ళను రానివ్వరు. ఊరి అందమంతా ఆ గంటల్లోనే. ఒకటిన్నర కిలోమీటర్ల పొడవున ఊరు ఊరంతా వచ్చి నడుస్తుంది. గాంధీ విగ్రహం, 1836 నాటి పాత లైట్‌హౌస్, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకం, అన్నీ ఆ బారులోనే.

నడక ఒక్కటే కొలమానమైతే మూడింటిలో దీనికే నా ఓటు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళుండిన తెల్లపట్నం (వైట్ టౌన్) పొడవు ఒకటిన్నర కిలోమీటరు, వెడల్పు అందులో మూడోవంతు. వీధులన్నీ నిలువూ అడ్డమూ గళ్ళు గీసినట్టుంటాయి, దారి తప్పడం కష్టం. తప్పినా నష్టం లేదు, తూర్పుకు నడిస్తే సముద్రం, పడమటికి నడిస్తే కాలువ. 1761లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని నేలమట్టం చేశారు. ఇప్పుడు చూస్తున్నది ఆ తర్వాత తిరిగి కట్టుకున్న పట్నం. 1954 నవంబరు 1 దాకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. మన యానాం ఇప్పటికీ ఈ పుదుచ్చేరి కిందే ఉందన్న సంగతి తెలిసిందే.

చాలామంది కాలువకు తూర్పు పక్కనే తిరిగి వచ్చేస్తారు. నాకు పడమటి పక్క ఎక్కువ నచ్చుతుంది. వీధి వైపు అరుగులు, చెక్క స్తంభాల వసారాలు ఉన్న తమిళుల ఇళ్ళు, గూబేర్ మార్కెట్, దాని దగ్గరే ఆనందరంగ పిళ్ళై మేడ. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేసిన ఆయన తెలుగులో ఒక ఛందోగ్రంథాన్ని అంకితం పుచ్చుకున్నవాడు కూడా. కస్తూరి రంగకవి రాశాడు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఈ పక్క, సాయంత్రం సముద్రం పక్క పెట్టుకోండి. మధ్యాహ్నం మణక్కుళ వినాయకుడి గుడి మూసేస్తారు. ఆ వేళలో గదిలో నిద్రపోవడం ఉత్తమం.

గదుల సంగతి. శని, ఆదివారాల్లో మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ జనం దిగుతారు, అద్దెలు ఆకాశానికి పోతాయి. మధ్యవారంలో పోండి. తెల్లపట్నంలోనే దిగాలన్న పట్టుదలా వద్దు. కాలువకు ఇవతల తక్కువకు దొరికే గది నుంచి బీచికి పది పదిహేను నిమిషాల నడకే కదా.

తిరువణ్ణామలై దారిలో పోయేవాళ్ళు గిరిప్రదక్షిణ కూడా కలిపేయాలనుకుంటారు. మంచిదే, రెండూళ్ళ మధ్య వంద కిలోమీటర్లకు కాస్త పైన. వరస మాత్రం మార్చండి. ముందు పుదుచ్చేరి, తర్వాత కొండ. వట్టికాళ్ళతో రాత్రంతా 14 కిలోమీటర్లు తిరిగి మర్నాడు పుదుచ్చేరిలో దిగితే, అరికాళ్ళ బొబ్బలతో చూసేది హోటలు గది పైకప్పే.

మూడూళ్ళ ఇసుక

ఇది ప్రయాణ సలహాలో ఎందుకంటారేమో, చెప్పుల ఎంపిక దీన్ని బట్టే ఉంటుంది. తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి జరుపుతుంటాయి. మధ్యలో ఎక్కడైనా హార్బరు గోడ కట్టామంటే దక్షిణం పక్క ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం పక్క కోసుకుపోతుంది. మద్రాసు హార్బరు మెరీనాకు ఉత్తరాన ఉంది. అందుకే 1870ల్లో దాని పని మొదలయ్యాక మెరీనా అంత వెడల్పయింది. రోడ్డు దిగి నీళ్ళు తాకాలంటే వందల అడుగులు ఇసుకలో కాళ్ళీడ్చాలి. పుదుచ్చేరిలో హార్బరు ఊరికి దక్షిణాన వచ్చింది, ఉన్న బీచి కాస్తా పోయింది. నల్లటి బండలు పేర్చి ఒడ్డును కాపాడుకున్నారు. తర్వాత నీళ్ళలో అడ్డుకట్ట వేశాక ఒక మూల కొంత ఇసుక తిరిగొచ్చింది. విశాఖలోనూ హార్బరు ఆర్కే బీచికి దక్షిణానే ఉంది. అక్కడ తవ్విన ఇసుకను తెచ్చి బీచిలో పోస్తుంటారు.

దీన్ని బట్టి, మద్రాసుకు ఇసుకలో ఊడదీసి చేత పట్టుకోవడానికి వీలైన చెప్పులు, పుదుచ్చేరికి మామూలు చెప్పులు చాలు, విశాఖకు బూట్లు. విశాఖకు బూట్లు ఇసుక వల్ల కాదు, ఎత్తుపల్లాల వల్ల.

విశాఖ: తొందర లేనివాళ్ళకు

ఇది మనకు అన్నిటికన్నా దూరం. ఏడు వందల యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. రాత్రి తిరుమల ఎక్స్‌ప్రెస్సో డబుల్ డెక్కరో ఎక్కితే మర్నాడు బాగా పొద్దెక్కాక దింపుతుంది. అంటే దిగిన రోజు పొద్దుటి పూట పోయినట్టే. తిరుగు రైలూ అంతే సమయం తింటుంది. అందుకని రెండు రాత్రులైనా ఉండలేకపోతే విశాఖ మాట ఎత్తొద్దు. ఉండగలిగితే మాత్రం, కొండా సముద్రమూ ఒకేచోట కావాలంటే ఈ మూడింటిలో ఇంకేదీ లేదు. శేషాచలం కింద పెరిగిన మన కళ్ళకు మద్రాసు, పుదుచ్చేరి బోడిగా కనిపిస్తాయి. విశాఖలో ఎక్కడ నిలబడినా ఏదో ఒక కొండ కనపడుతూనే ఉంటుంది. భాష బాధా లేదు, ఆటోవాడితో మన తెలుగులోనే బేరమాడొచ్చు. అయితే మన వైపు నగరి, పుత్తూరు, సత్యవేడు, చిత్తూరువాళ్ళకు అరవం ఎటూ వచ్చు కాబట్టి మద్రాసులోనూ వాళ్ళకు ఇబ్బంది ఉండదు.

అందరికీ తెలిసిన నడక బీచి రోడ్డు. కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు దాకా మూడు కిలోమీటర్ల పైన. కాళికామాత గుడి, 1971 యుద్ధ విజయ స్మారకం, కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ-142 విమానం అన్నీ ఈ దారిలోవే. కురుసుర 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. 2002 నుంచి లోపలికి పోయి చూడొచ్చు. ఇరుకు, తలుపులు చిన్నవి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బయటి నుంచి చూస్తే చాలు. ఇది కూడా సోమవారం మూసి ఉంటుంది. సాయంత్రం నడక ముగించి ఇసుకలో మురి మిక్సర్ తినకుండా వచ్చినవాళ్ళు విశాఖ పోయినట్టు లెక్కలోకి రారు.

పొద్దుటి పూటను మాత్రం పాతనగరానికి ఇవ్వండి. విశాఖవాళ్ళే చాలామంది అటు తీసుకుపోరు. హార్బరు పక్కన పక్కపక్కనే మూడు గుట్టలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మూడోది రాస్ హిల్, దాని మీద మేరీమాత చర్చి. మూడూ ఒక్క పొద్దులో ఎక్కి దిగొచ్చు. పై నుంచి ఓడలు రేవులోకి వచ్చే కాలువ, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి. మనకు మెట్లు అలవాటే, అయినా ఎనిమిదిన్నరలోపు ముగించండి. దిగాక కురుపాం మార్కెట్ వీధులు. తలకు కొంగు, పాదాలకు బూట్లు, చేతిలో నీళ్ళు.

ఇంతకీ ఎవరికేది

అమ్మానాన్నలను తీసుకుపోతుంటే పుదుచ్చేరి. నేల చదును, దూరాలు తక్కువ, ఎక్కడైనా కూర్చోవచ్చు, సాయంత్రం బళ్ళ భయం లేదు. చిన్నపిల్లలుంటే విశాఖ. వాళ్ళకు వీధులూ పాత ఇళ్ళూ పట్టవు, జలాంతర్గామి, విమానం పడతాయి. ఒంటరిగా తిరిగేవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, మైలాపూరు నుంచి మెరీనా దాకా నేను చెప్పిన దారి మంచిది. జన సంచారం ఉన్న దారి, గుళ్ళు, మెస్సులు, రైలు స్టేషన్లు అడుగడుగునా ఉన్నాయి. చీకటి పడ్డాక మాత్రం నీళ్ళ అంచుకు పోకుండా రోడ్డు పక్క కాలిబాట మీదే ఉండండి. చేతిలో డబ్బు తక్కువ ఉన్న కాలేజీ పిల్లలకూ మద్రాసే.

మహాబలిపురం ఎందుకు చెప్పలేదంటారేమో. అది గొప్ప చోటే, 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అయితే అది నగరం కాదు, శిల్పాలు చూడటానికి పోయే ఊరు. గుడి నుంచి రథాల దాకా నడిచి రావచ్చు, అంతే. పుదుచ్చేరికి కారులో పోయేవాళ్ళు దారిలో ఒక పూట ఆగితే సరిపోతుంది.

నెలలు కూడా చూసుకోండి. మూడూళ్ళకూ డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. మద్రాసు, పుదుచ్చేరిలకు ఈశాన్య రుతుపవనాల వాన అప్పుడే. విశాఖను హుద్‌హుద్ కొట్టింది 2014 అక్టోబరు 12న. ఏప్రిల్, మే నెలల్లో తప్పనిసరైతే పొద్దుటి పూట ఒక్కదాన్నే నమ్ముకోండి.

ఈ మూడు చోట్లా సముద్రంలో దిగి ఆడొద్దు. మెరీనాలో, ఆర్కే బీచిలో లోపలి ప్రవాహాలు లాగేస్తాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. పుదుచ్చేరి రోడ్డు ముందేమో బండలు. కాళ్ళు తడుపుకుని వచ్చేయండి. నడక పని లేదు, పిల్లలతో ఒడ్డున ఆడుకుంటే చాలనుకునేవాళ్ళు నెల్లూరు దాటి మైపాడు పోవచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాకూ సముద్రం వచ్చింది కదా అనొచ్చు. వచ్చింది, కానీ శ్రీహరికోట తీరం ఇస్రోది, మనల్ని తిరగనివ్వరు. అటు పోయేటట్టయితే చలికాలంలో పులికాట్, నేలపట్టు పక్షుల కోసం పోండి, దానికి కాళ్ళు చాలవు, కారు కావాలి.